పాత స్కాట్లాండ్ ఫుట్‌బాల్ పిల్లలకు చూపించాలంటే

మన నల్లగొండ ఎన్జీ కాలేజీ గ్రౌండ్‌లో బంతి ఆడే పిల్లలకు పాత స్కాట్లాండ్ ఆట రుచి చూపించాలంటే ముందు సలీం కథ చెప్పండి. కలకత్తా నుంచి వెళ్లి 1936లో గ్లాస్గో నగరపు క్లబ్ సెల్టిక్ తరఫున బూట్లు లేకుండా, పాదాలకు కట్లు కట్టుకుని ఆడాడంటే ఎవరైనా చెవులు రిక్కిస్తారు. తర్వాత 1967 లిస్బన్‌లో జరిగిన యూరోపియన్ కప్ ఫైనల్ పెట్టండి, ఇటలీ క్లబ్ ఇంటర్ మిలాన్ మీద సెల్టిక్ 2-1తో గెలిచింది. గెలిచిన 11 మందీ గ్లాస్గో చుట్టుపక్కల 30 మైళ్లలోపు పుట్టినవాళ్లే, నాకైతే ఇంతకు మించిన జట్టు లేదు. 1983లో మరో స్కాట్లాండ్ క్లబ్ అబెర్డీన్ వానలో రియల్ మాడ్రిడ్‌ను ఓడించిన మ్యాచ్ సెలవు రోజుకు ఉంచండి. 1978 ప్రపంచకప్‌లో నెదర్లాండ్స్ మీద స్కాట్లాండ్ ఆటగాడు ఆర్చీ గెమ్మిల్ కొట్టిన గోల్ మాత్రం ఆపి ఆపి చూపించాలి: కుడివైపు నుంచి దూరి ముగ్గురిని దాటి, చివరివాడి కాళ్ల సందులోంచి బంతి తోసి, ఎడమ కాలితో గోలీ మీదుగా లేపేస్తాడు. రెండోసారి చూసేటప్పుడు బంతిని వదిలేసి అతని పాదాలే చూడమనండి.