వీధికుక్క పిల్లను ఇంటి కుక్కగా పెంచడం: రెండో నెల నుంచి ఆరో నెల దాకా

మన వీధుల్లో పుట్టే నాటు కుక్కపిల్ల ఇంట్లో పెంచుకోవడానికి చాలా మంచి కుక్క. మన ఎండలకు తట్టుకుంటుంది, మాట త్వరగా పట్టుకుంటుంది, పొట్టి జుట్టు కాబట్టి శుభ్రం చేయడం తేలిక. పెద్దయ్యాక నలుగురిలో కలిసే కుక్క అవుతుందా, గేటు దగ్గర ప్రతి మనిషి మీదా విరుచుకుపడుతుందా అన్నది మాత్రం తెచ్చిన మొదటి ఆరేడు వారాల్లోనే చాలావరకు తేలిపోతుంది.

దాదాపు 3వ వారం నుంచి 14వ వారం దాకా కుక్కపిల్ల ఏది చూసినా, ఏది విన్నా ఇది మామూలే అని సులువుగా ఒప్పుకుంటుంది. ఆ గడువు దాటాక కొత్తది కనిపిస్తే ముందు అనుమానిస్తుంది. అలాగని 8 వారాలు నిండకుండా తల్లి దగ్గర్నుంచి తేవద్దు. తోబుట్టువుతో ఆడుతూ గట్టిగా కరిస్తే అది కుయ్యిమని ఆట మానేస్తుంది. ఎంతవరకు పళ్లు దించొచ్చో పిల్లకు తెలిసేది అక్కడే. ముద్దుగా ఉందని నెలపిల్లను ఎత్తుకొచ్చిన ఇళ్లలో చేతులు, పాదాలు ఎక్కువగా గీరుకుపోవడానికి కారణం అదే. అంటే 8 నుంచి 14 వారాల మధ్య మీ చేతిలో ఉన్నది ఆరు వారాలు.

సరిగ్గా ఆ ఆరు వారాల్లోనే టీకాలు పూర్తయి ఉండవు. మొదటి టీకా 6 నుంచి 8 వారాలకు, తర్వాత 3, 4 వారాలకోసారి, చివరిది 16 వారాలు నిండాక వేస్తారు. రేబీస్ టీకా మూడు నెలలకు. ఈలోగా పార్వో (వాంతులు, రక్త విరేచనాలు తెచ్చే వైరస్ జబ్బు) వస్తే పిల్ల బతకడం కష్టం, ఆ వైరస్ మట్టిలో నెలల తరబడి ఉంటుంది. అందుకని పిల్లను ఇంట్లో బంధించేస్తే రోగం రాకపోయినా పిరికి కుక్క తయారవుతుంది. మధ్యేమార్గం ఒకటుంది: కింద దించకుండా చూపించండి. చేతుల్లోనో, భుజానికి వేసుకునే గుడ్డ సంచిలోనో పెట్టుకుని రోజూ పది నిమిషాలు కూరగాయల బండి దగ్గర, బస్టాపు పక్కన, అపార్ట్‌మెంట్ లిఫ్టు ముందు నిలబడండి. ఆటోలో ఓ వీధి చుట్టి రండి. ఇతర కుక్కలు తిరిగే చోట నేల మీద మాత్రం వదలొద్దు. టీకాలన్నీ వేయించుకున్న నెమ్మదైన కుక్క తెలిసినవాళ్ల ఇంట్లో ఉంటే దానితో ఆడనివ్వండి.

మొదటి రాత్రులు

వాష్ ఏరియాలో కట్టేసి తలుపు వేయడం మంచిది కాదు. నిన్నటిదాకా నాలుగైదు పిల్లల మధ్య ముద్దగా పడుకున్న ప్రాణి అది. పిల్ల దూకలేనంత ఎత్తున్న అట్టపెట్టెలో పాత దుప్పటి వేసి మీ మంచం పక్కనే పెట్టండి. రాత్రి కుయ్యిమంటే చెయ్యి కిందకి వేసి తాకండి. తగ్గకపోతే మూత్రానికని అర్థం. లైటు పెద్దగా వేయకుండా, మాట్లాడకుండా తీసుకెళ్లి, పని కాగానే తెచ్చి పడుకోబెట్టండి. అర్ధరాత్రి ఆట మొదలుపెడితే మర్నాడు అదే వేళకు మళ్లీ లేపుతుంది.

మూత్రం, దొడ్డి

ఎన్ని నెలల పిల్లో అన్ని గంటలు, మహా అయితే ఇంకో గంట ఆపుకోగలదు. పగలు ఆడుతున్నప్పుడైతే అంతకూడా ఆపుకోలేదు. కాబట్టి నిద్ర లేవగానే, తిన్న పది పదిహేను నిమిషాలకు, ఆట ఆపగానే, మధ్యలో ప్రతి గంటకూ తీసుకెళ్లాలి. ప్రతిసారీ ఒకే చోటికి. మేడ మీదో, పెరట్లోనో, బాల్కనీలో మట్టి పోసిన వెడల్పాటి ట్రేలోనో. అక్కడ కదలకుండా నిలబడండి. పని పూర్తయిన క్షణంలో, అక్కడే, బహుమానంగా ఒక తిండి ముక్క పెట్టండి. ఇంట్లోకి వచ్చాక పెడితే ఇంట్లోకి వచ్చినందుకు ఇచ్చారనుకుంటుంది, మూత్రానికీ దానికీ సంబంధం కలవదు.

గదిలో పోస్తే అరవకండి. ముక్కు పట్టి దాంట్లో రాయడం పాత అలవాటు, పూర్తిగా మానేయాలి. అలా చేస్తే మీ ఎదుట పోయకూడదని నేర్చుకుంటుంది. ఆ తర్వాత సోఫా వెనక, మంచం కింద వెతుక్కోవాలి, పైగా బయటికి తీసుకెళ్లినా మీరు చూస్తుండగా పోయదు. తుడవడానికి ఫినాయిల్ వాడొద్దు. అది నాకితే పిల్లకు హాని, పైగా మూత్రపు వాసన కుక్క ముక్కుకు అలాగే తెలుస్తుంటుంది, మళ్లీ అక్కడికే వస్తుంది. ముందు పొడిగుడ్డతో పీల్చేసి, పెంపుడు జంతువుల దుకాణంలో దొరికే ఎంజైమ్ క్లీనర్ వేయండి.

ఇక్కడ తిండి సంగతి కూడా చెప్పాలి. చాలా ఇళ్లలో పిల్లకు పాలన్నమే పెడతారు. ఎక్కువ కుక్కలకు పాలు అరగవు, విరేచనాలు పట్టుకుంటాయి, వేళలు తప్పి ఈ శిక్షణంతా నీళ్లపాలవుతుంది. ఉడికించిన కోడిమాంసం లేదా గుడ్డు కలిపిన అన్నం, లేదా పిల్లల కోసం చేసిన డాగ్ ఫుడ్, రెండు నెలలప్పుడు రోజుకు నాలుగుసార్లు, నాలుగో నెల నుంచి మూడుసార్లు. ఉల్లి, వెల్లుల్లి కుక్కలకు విషం, అంటే మన పప్పు, పులుసు, బిర్యానీ మిగిలినవేవీ పనికిరావు. కిస్మిస్, ద్రాక్ష, చాక్లెట్ అంతే ప్రమాదం. ఉడికిన ఎముక చీలికలై పేగులో గుచ్చుకుంటుంది.

ముక్క ఎప్పుడు, ఎంత

శిక్షణకు ముక్కంటే పచ్చి శనగగింజంత. ఉప్పు, కారం లేకుండా ఉడికించిన చికెన్, మాంసం వండని ఇంట్లో పనీర్ లేదా ఉడికించిన చిలగడదుంప. రోజు తిండిలో ఈ ముక్కలు పదో వంతు దాటకూడదు. ఒక విడత మూడు నిమిషాలు, రోజుకు నాలుగైదు విడతలు, అన్నం వేళకు ముందు.

పిల్ల సరిగ్గా చేసిన క్షణంలో ఒకే చిన్న మాట, ఉదాహరణకు ‘భేష్’, వెంటనే ముక్క. రెండింటి మధ్య సెకను కన్నా ఎక్కువ పట్టకూడదు. కూర్చోబెట్టడానికి ముక్కను ముక్కు ముందు పెట్టి నెమ్మదిగా తల మీదుగా వెనక్కి జరపండి. తల పైకెత్తితే నడుము దానంతటదే కిందకి దిగుతుంది. అప్పుడు భేష్, ముక్క. చెయ్యి మరీ పైకెత్తితే గెంతుతుంది. పదిసార్లు తప్పకుండా కూర్చున్నాకే ‘కూర్చో’ అనే మాట కలపండి. రానిదాన్ని పట్టుకుని కూర్చో కూర్చో అంటూ పదిసార్లు అంటే ఆ మాటకు విలువ పోతుంది.

పిలవడానికి ‘రా’ అని పెట్టుకోకండి. రోజంతా ఇంట్లో ఏరా, ఏంట్రా, పోరా అంటూనే ఉంటాం, పిల్లకు తేడా తెలియదు. ‘దా’ అనో, పెదవులతో వేసే ఈలో పెట్టుకోండి. ఇంట్లో అందరూ అదే వాడాలి. ఆ పిలుపుతో ఎప్పుడూ మంచే జరగాలి. స్నానానికో, మందు వేయడానికో, తిట్టడానికో అయితే పిలవకుండా మీరే వెళ్లి ఎత్తుకోండి. ‘దా’ అంటే రాని కుక్కల్లో ఎక్కువ భాగం, వచ్చినందుకు ఏదో ఒకరోజు దెబ్బ తిన్నవే.

కుక్కర్ విజిల్ నుంచి పెళ్లి బ్యాండ్ దాకా

అలవాటు చేయడమంటే భయపడేదాని ముందుకు తోసేయడం అనుకుంటారు. అలా చేస్తే భయం ముదురుతుంది. కుక్కర్ విజిల్‌తో మొదలుపెట్టి చూడండి, ఒక్కటి పద్ధతిగా చేస్తే మిగతావన్నీ అదే దారి.

మొదటిరోజు వంటింటికి బాగా దూరంగా ఉన్న గదిలో తలుపు వేసి పిల్లతో కూర్చోండి. విజిల్ వినిపించాలి, వెంటనే చికెన్ ముక్క ఇవ్వాలి. విజిల్ ముందు, ముక్క తర్వాత. ఈ వరస తప్పితే పని చెడుతుంది: ముక్క ముందు చూపిస్తే, ముక్క కనబడిందంటే ఏదో కీడు రాబోతోందని నేర్చుకుంటుంది. పిల్ల తింటోందా లేదా అన్నదే మీ కొలబద్ద. చెవులు వెనక్కి వాలి, తోక కాళ్ల మధ్య పెట్టి, ముక్క ముట్టకపోతే ఇంకా దగ్గరగా ఉన్నట్టే, దూరం పెంచండి. విజిల్ రాగానే ముక్క కోసం మీ మొహంలోకి చూడటం మొదలుపెట్టిందంటే పాఠం ఎక్కింది. మర్నాడు తలుపు కొంచెం తెరిచి, ఆ తర్వాత హాల్లో, చివరికి వంటింటి గుమ్మం దగ్గర.

ఇదే పద్ధతిలో మిక్సీ, బోరు మోటారు, కాలింగ్ బెల్, గ్యాస్ సిలిండర్ దొర్లించే చప్పుడు, హెల్మెట్ పెట్టుకున్న డెలివరీ అబ్బాయి, గొడుగు, చేతికర్ర, వీల్‌చైర్, వినాయక చవితి డప్పులు, పెళ్లి బ్యాండు. రోజుకు రెండు కొత్తవి చాలు. దీపావళికి కనీసం రెండు నెలల ముందు నుంచి టపాసుల రికార్డింగును వినీవినపడనంత చిన్నగా పెట్టి, అన్నం తినేటప్పుడు వినిపించండి, వారానికి కాస్త కాస్త పెంచండి. పండగ రోజు మాత్రం ఇంకా చీకటి పడకముందే బయట తిప్పి తెచ్చేసి, లోపలి గదిలో కిటికీలు మూసి ఫ్యానో, టీవీయో పెట్టండి. వణుకుతూ ఒళ్లో చేరితే దగ్గరకు తీసుకోండి. ఓదారిస్తే భయం ఎక్కువవుతుందనే మాట నిజం కాదు.

మనుషుల దగ్గర కొలత ఇంకోలా ఉంటుంది. వచ్చినవాళ్లు పిల్ల మీదకి వంగి తల నిమరడం దానికి పెద్ద భయం. పక్కకు తిరిగి కూర్చోమనండి, చెయ్యి కిందకి పెట్టమనండి. పిల్ల తనే వచ్చి వాసన చూడాలి. గడ్డం కిందో ఛాతీ మీదో మూడు సెకన్లు గీరి చెయ్యి తీసేయాలి. మళ్లీ దగ్గరకు వస్తే ఇంకోసారి. రాకపోతే చాలని చెప్పినట్టే. పెదవులు నాక్కోవడం, నిద్ర రాకపోయినా ఆవలించడం, తల తిప్పేసి కంటి తెల్లగుడ్డు కనబడేలా చూడటం, ఒళ్లు బిగుసుకోవడం, ఇవన్నీ గుర్రుమనడానికి ముందు మెట్లు. గుర్రుమన్నందుకు కొడితే కుక్క గుర్రుమనడం మానేస్తుంది, భయం మానదు. తర్వాతిసారి హెచ్చరిక లేకుండా కరుస్తుంది. చిన్నపిల్లలున్న ఇంట్లో ఈ గుర్తులు పెద్దవాళ్లందరికీ నోటికి వచ్చి ఉండాలి. పిల్లల్నీ కుక్కనీ పెద్దల కన్ను లేకుండా ఒకే గదిలో వదలకూడదు. ఎన్నాళ్లున్నా ఇది మారదు.

నాయనమ్మకు కుక్క ఒంటికి తగలడం ఇష్టం లేకపోయినా, దేవుడి గదికి రాకూడదన్నా, కొట్టి అదుపు చేయక్కర్లేదు. ఒక గోనెపట్టా చాలు. పరిచి, దాని మీద ముక్క వేయండి. పిల్ల ఎక్కితే ఇంకో రెండు ముక్కలు పట్టా మీదే. దిగితే ఏమీ లేదు. మూడు నాలుగు రోజుల్లో పట్టా పరచగానే వెళ్లి నిలబడుతుంది. అప్పుడు పడుకునేదాకా ఆగి ముక్క ఇవ్వండి, తర్వాత ముక్కకీ ముక్కకీ మధ్య ఐదు సెకన్లు, పది, ముప్పై. రెండు వారాలకు పూజ జరిగినంతసేపూ, అందరూ భోంచేసినంతసేపూ పట్టా మీదే ఉండగలదు. అలవాటయ్యేదాకా దేవుడి గది గుమ్మానికి అడ్డుపలక పెట్టండి. కంచం దగ్గర్నుంచి ఎవరూ, తాతయ్య కూడా, ఒక్క ముద్ద కూడా పెట్టకూడదు.

కరవడం, గిన్నె కాపలా, బెల్టు

నాలుగో నెల నుంచి ఆరో నెల దాకా పాలపళ్లు ఊడి కొత్తవి వస్తాయి, చిగుళ్ల దురదకు దొరికిందల్లా కొరుకుతుంది. తడిపి ఫ్రీజర్లో పెట్టిన గుడ్డముడి ఇచ్చి, దగ్గరుండి నమలనివ్వండి. మీ చేతిని కరిస్తే చెయ్యి లాక్కోవద్దు, లాక్కుంటే వేట ఆటవుతుంది. కదలకుండా ఆగి, లేచి, అర నిమిషం గదిలోంచి వెళ్లిపోండి. సాయంత్రాలు పిచ్చెక్కినట్టు కరుస్తుంటే చాలాసార్లు కారణం నిద్ర చాలకపోవడమే. ఈ వయసులో రోజుకు 18 గంటలు నిద్రపోవాలి.

తినేటప్పుడు గిన్నె లాగి పరీక్షిస్తుంటే గిన్నె కాపలా, అంటే గిన్నె దగ్గరకు ఎవరొచ్చినా గుర్రుమనడం, ముదురుతుంది. బదులుగా, తింటున్నప్పుడు పక్కగా వెళ్తూ ఇంకా రుచైన ముక్క గిన్నెలో వేసి వెళ్లిపోండి. చెప్పు నోట కరిస్తే వెంటపడకుండా ముక్క చూపించి ‘వదులు’ అని మార్చుకోండి.

మెడబెల్టు కన్నా ఛాతీకి తగిలే హార్నెస్ మేలు, లాగినా గొంతు నొక్కుకోదు. తాడు బిగిసిన క్షణంలో ఆగిపోండి, వదులైనప్పుడే కదలండి. మొదటి వారం పది అడుగులకు ఐదు నిమిషాలు పట్టినా అదే సరైన వేగం. ఎండాకాలంలో ఉదయం 7 లోపే, సాయంత్రం నేల చల్లారాకే. అరచేతి వెనకవైపు ఐదు సెకన్లు రోడ్డు మీద ఆనించలేకపోతే దాని పాదాలు కాలతాయి. వచ్చాక చెవుల లోపల, కాలివేళ్ల మధ్య పిడుదులు చూడండి.

ఒంటరిగా ఉండటం కూడా నేర్పాల్సిందే. తలుపు బయట పది సెకన్లు, ముప్పై, రెండు నిమిషాలు, పది. ఏడుపు మొదలయ్యేలోపే తిరిగి రావాలి. వెళ్లేటప్పుడు, వచ్చేటప్పుడు హడావుడి వద్దు. మొదటిరోజే నాలుగు గంటలు వదిలేస్తే తలుపు గీకుడు, అరుపు అలవాటవుతాయి.

ఆట కోసమైనా పంటిగాటు పడి రక్తం వస్తే సబ్బుతో నీటి ధార కింద 15 నిమిషాలు కడిగి, అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. టీకాలు పూర్తికాని పిల్ల విషయంలో రేపు చూద్దాం అనుకోవద్దు.

ఆరు నెలలు దాటాక, అన్నీ వచ్చిన కుక్క ఒక్కసారిగా ఏమీ వినపడనట్టు తిరుగుతుంది. వయసు ప్రభావం, సుమారు ఏడాది వయసు వచ్చేదాకా, కొన్నిటికి ఆ తర్వాత కూడా ఉంటుంది. ఆ రోజుల్లో ఖాళీ స్థలంలోనైనా వదిలేయకుండా ఐదు మీటర్ల పొడుగు తాడు కట్టి, పిలిచినప్పుడు వస్తే మళ్లీ మొదటి వారంలోలాగా ప్రతిసారీ ముక్క పెట్టండి. కుటుంబ నియంత్రణ ఆపరేషన్ ఎప్పుడు చేయించాలో డాక్టర్‌ని అడగాల్సింది కూడా ఇప్పుడే.