కొలతలు చివర్లో: క్యాడ్ స్కెచ్‌లో కన్‌స్ట్రెయింట్లు పిల్లలకు ఎలా నేర్పాలి?

శ్రీకాకుళంలో నేను క్యాడ్ (కంప్యూటర్‌లో డిజైన్లు గీయడం) చెప్పే ప్రతి బ్యాచ్‌లోనూ తాపీమేస్త్రీ కొడుకో కూతురో ఉంటారు. మొదటి పాఠం వాళ్లతోనే చెప్పిస్తాను. ఇంటికి ముగ్గు ఎలా పోస్తారు? దారం కట్టి, మూల నుంచి ఒకవైపు 3 అడుగులు, రెండోవైపు 4 అడుగులు గుర్తు పెట్టి, ఆ రెండు గుర్తుల మధ్య సరిగ్గా 5 అడుగులు వచ్చేదాకా దారం జరుపుతారు. మూల కుదిరాకే గోడల పని. కన్‌స్ట్రెయింట్ కూడా అలాంటిదే, గీతకు మనం పెట్టే షరతు. 1963లో ఎంఐటీలో ఐవాన్ సదర్లాండ్ తయారుచేసిన స్కెచ్‌ప్యాడ్ అనే బొమ్మలు గీసే ప్రోగ్రాంలోనే ఈ ఆలోచన ఉంది.

ల్యాబ్‌కు ఫ్రీక్యాడ్ అనే సాఫ్ట్‌వేర్ చాలు, అది ఉచితం. మోటార్ కింద బిగించే బేస్ ప్లేట్‌ను అభ్యాసంగా తీసుకోండి: 120 × 80 మిల్లీమీటర్ల ప్లేటు, నాలుగు 10 మిల్లీమీటర్ల రంధ్రాలు.

1. మౌస్ ముట్టుకోకముందు నోటితో చెప్పించండి. ఏది దేనికి సమానం? ఏది మధ్యలో ఉండాలి? "నాలుగు రంధ్రాలూ ఒకే సైజు, ప్లేటుకు మధ్యగా ఉండాలి సార్" అన్నారంటే సగం స్కెచ్ అయిపోయినట్టే.

2. ఉజ్జాయింపుగా గీయించండి. ఆటోక్యాడ్ అనే మరో సాఫ్ట్‌వేర్‌లో గీస్తూనే కొలత టైప్ చేసే అలవాటున్నవాళ్లకు ఇది మొదట్లో కష్టమే. పర్వాలేదు, వంకరగానే గీయనివ్వండి.

3. షరతులు ఒక్కొక్కటీ పెట్టిస్తూ లెక్క రాయించండి. ఈ మెట్టు దగ్గర తొందరపడొద్దు. ఒక గీతకు 4 స్వేచ్ఛలు, అంటే రెండు చివర్లూ అటూ ఇటూ, పైకీ కిందకీ కదలగలవు. నాలుగు గీతలకు 16. మూలలు కలిపితే 8 పోతాయి. రెండు గీతలు అడ్డం, రెండు నిలువు అంటే ఇంకో 4 పోతాయి. ఐమూలగా ఎదురెదురుగా ఉన్న రెండు మూలలను ఆరిజిన్‌కు (స్కెచ్ మధ్య బిందువుకు) సిమెట్రిక్ చేస్తే, అంటే దానికి అటూ ఇటూ సమాన దూరంలో ఉంచితే, ఇంకో 2 పోయి 2 మిగులుతాయి. చివరికి పొడవు, ఎత్తు కొలతలతో ఆ రెండూ పోయి సున్నా. ఫ్రీక్యాడ్ దీర్ఘచతురస్రం టూల్ మొదటి 12 తనే తీసేస్తుంది. అందుకే మొదటిసారి ఆ టూల్ వాడనివ్వకుండా విడి గీతలతోనే చేయించండి. స్వేచ్ఛలు సున్నా కాగానే స్కెచ్ ఆకుపచ్చగా మారుతుంది, ఆ క్షణం ఎందుకు మారిందో పిల్లలకు తెలియాలి. ఎర్ర అక్షరాలతో హెచ్చరిక వస్తే చెప్పిన షరతే మళ్లీ చెప్పినట్టు, లేదా రెండు షరతులకు పొసగనట్టు. టెన్షన్ పడి అన్నీ చెరిపేస్తారు. చివరగా పెట్టినదాన్ని మాత్రమే తీసి చూడమనండి.

4. రంధ్రాలకు కొలత ఎక్కడి నుంచి? అంచు నుంచి 15 అని కొందరు పెడతారు. రంధ్రాల మధ్య దూరం 90, 50 అని కొందరు. ఇవాళ రెండు బొమ్మలూ ఒకేలా కనిపిస్తాయి. ఇప్పుడు 120ని 140 చేయించండి. మొదటివాళ్ల రంధ్రాల మధ్య దూరం 110 అయి కూర్చుంటుంది. మోటార్ కాళ్లు మాత్రం 90 దగ్గరే ఉన్నాయి, బోల్టు ఎక్కదు. ప్లేటు మోటార్ కోసం కాబట్టి 90నే పట్టుకోవాలి. ఇందుకు మధ్యలో ఒక కన్‌స్ట్రక్షన్ దీర్ఘచతురస్రం (ప్లేటులో భాగం కాని, సాయానికి మాత్రమే గీసే గీతలు) గీసి, దానికి 90, 50 కొలతలు ఇచ్చి, దాన్నీ ఆరిజిన్‌కు సిమెట్రిక్ చేసి, దాని మూలల మీద రంధ్రాల కేంద్రాలు పెట్టించండి. ఒక రంధ్రానికే వ్యాసం ఇచ్చి, మిగతా మూడింటికీ ఈక్వల్ (సమానం అనే షరతు) పెట్టిస్తే సరి.

ఆ తర్వాత ప్లేటు పొడవు 60 చేయించండి. రంధ్రాలు ప్లేటు బయటకు పోతాయి, స్కెచ్ మాత్రం ఆకుపచ్చగానే ఉంటుంది. రంగు చూసి పని అయిపోయిందనుకునే పిల్లలకు ఇది తప్పక చూపించాలి.

మార్కులు వేసేటప్పుడు ప్రింటు చూడొద్దు. ఫైలు తెరిచి ఒక మూల పట్టుకుని లాగండి, ఒక అంకె మార్చండి. నేను సగం మార్కులు అక్కడే వేస్తాను.