అక్వేరియంలో పాచి: రంగును బట్టి కారణం, కారణాన్ని బట్టి పరిష్కారం

తొట్టిలో పాచి కనబడగానే దుకాణం నుంచి పాచి మందు తెచ్చి పోయడం చాలామందికి అలవాటు. మందుకు పాచి చచ్చినా, దాన్ని పెంచిన వెలుతురూ నీటిలో పేరుకున్న వ్యర్థాలూ అలాగే ఉంటాయి కనుక అది మళ్లీ పడుతుంది. పైగా రాగి కలిసిన మందులు నత్తలను, రొయ్యలను చంపుతాయి. ముందు చూడవలసింది పాచి రంగు, అది పట్టిన తీరు.

సమస్య: నీరే పచ్చబడింది.
తెల్లని గిన్నెలో నీరు తీసి చూసినప్పుడు ఆకుపచ్చ ఛాయ కనిపిస్తే, నీటిలో తేలే ఏకకణ పాచి పెరిగిందని అర్థం. ఇది మామూలు స్పాంజి ఫిల్టర్‌కు చిక్కదు. నీరు మార్చినా మిగిలినది త్వరలోనే తిరిగి పెరుగుతుంది. తిరుపతి అపార్ట్‌మెంట్లలో పడమటి కిటికీ పక్కన తొట్టి పెట్టిన ఇళ్లలో, సాయంత్రపు ఎండ నేరుగా అద్దం మీద పడడమే దీనికి మొదటి కారణం. రెండవది మేత. దర్శనానికి వచ్చిన బంధువుల పిల్లలు తలా ఒక చిటికెడు వేస్తే, చేపలు తినగా మిగిలినది కుళ్లి అమ్మోనియాగా, ఆపై నైట్రేట్‌గా మారి పాచికి ఆహారమవుతుంది. (మేత డబ్బాను అటక మీద పెట్టడం మర్యాదకు లోపమేమీ కాదు.)

పరిష్కారంగా తొట్టిని మందపాటి దుప్పటితో మూడు, నాలుగు రోజులు పూర్తిగా కప్పి, మేత ఆపి, గాలి మోటారును మాత్రం రాత్రింబవళ్లు నడపాలి. చచ్చిన పాచి కుళ్లేటప్పుడు ఆక్సిజన్‌ను లాగేస్తుంది. అసలే 20 డిగ్రీల నీటిలో లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాములు కరిగే ఆక్సిజన్, 30 డిగ్రీల నీటిలో ఏడున్నరకు పడిపోతుంది కనుక మన వేసవిలో మోటారు ఆపితే చేపలు నీటిపైకి వచ్చి నోళ్లు తెరుస్తాయి. దుప్పటి తీశాక మూడో వంతు నీరు మార్చాలి. కొళాయి నీటిలో క్లోరిన్ ఉంటుంది కాబట్టి దాన్ని విరిచే మందు కలిపిన తరువాతే పోయాలి. ఆపై తొట్టిని ఎండ పడని చోటికి జరిపి, లైటుకు టైమర్ పెట్టి రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలకు మించకుండా చూడాలి. అయినా తిరగబెడితే, అతినీలలోహిత కాంతితో నీటిలో తేలే పాచిని చంపే యూవీ ఫిల్టర్ కొనవచ్చు.

సమస్య: గోధుమ రంగు పొడి.
కొత్త తొట్టిలో మొదటి వారాల్లో ఇది సహజం. వేలితో తుడిస్తే పోతుంది, తొట్టి కుదురుకున్నాక సాధారణంగా తనంతట తానే తగ్గుతుంది.

సమస్య: దుర్వాసనతో, జిగటగా, పొరలుగా ఊడే ముదురు ఆకుపచ్చ పాచి.
ఇది నిజానికి బాక్టీరియా. గులకరాళ్ల కింద మడ్డి పేరుకుని, నీరు కదలని మూలల్లో మొదలవుతుంది. గొట్టంతో మడ్డిని పీల్చివేసి, ఫిల్టర్ ధార ఆ మూలకు తగిలేలా తిప్పాలి.

సమస్య: ఆకుల అంచులకూ ఫిల్టర్ మూతికీ నల్లని కుచ్చులు.
పాచి తింటుందని కొనే సక్కర్ చేప దీన్ని తినదు; పైగా అది అడుగుకు మించి పెరిగి విసర్జనతో తొట్టిని మరింత పాడుచేస్తుంది కనుక చిన్న తొట్టికి దాన్ని కొనకపోవడమే మేలు. పట్టిన ఆకులను కత్తిరించి, రాళ్లను, గొట్టాలను బయటికి తీసి, మందుల షాపులో దొరికే 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో రుద్ది, బాగా కడిగి తిరిగి పెట్టాలి.

బోరు నీరు వాడే ఇళ్లలో నీటిమట్టం అంచున అద్దంపై కనిపించే గట్టి తెల్లని గీత పాచి కాదు, నీటిలోని సున్నం లాంటి లవణాల పొర. నీటిని కొంత దించి, వెనిగర్‌లో తడిపిన గుడ్డతో తుడిచి, ఆ తడి తొట్టిలోకి కారకుండా చూసుకుంటే సరిపోతుంది.