ట్రయల్‌లో చేరమన్నారా? సంతకానికి ముందు ఇవి చూసుకోండి

పెద్దాసుపత్రిలో క్లినికల్ ట్రయల్స్ (అంటే కొత్త మందులు, టీకాలను మనుషులపై పరీక్షించి చూడడం) కోఆర్డినేటర్‌గా పనిచేస్తున్నాను. రోజూ వినే మాట: "డాక్టరు గారు చెప్పారుగా, ఎక్కడ పెట్టమంటే అక్కడ పెడతానమ్మా." దయచేసి అలా పెట్టకండి.

ముందు సమ్మతి పత్రం తెలుగులో ఇమ్మనండి. ఇంటికి తీసుకెళ్లి అందరూ కూర్చుని చదవండి. ఈ మందు ఇంతకుముందు మనుషులకు ఇచ్చారా? మీకు అసలు మందుకు బదులు ప్లాసిబో (చూడ్డానికి మందులాగే ఉన్నా అందులో మందు ఉండదు) పడే అవకాశం ఉందా? 2020 జులైలో హైదరాబాద్ నిమ్స్‌లో కోవాగ్జిన్ తొలి దశలో చేరినవాళ్లు ఆరోగ్యవంతులు. మీరు రోగిగా చేరుతుంటే లెక్క వేరు. బీపీకో షుగరుకో ఇప్పుడు వాడుతున్న మాత్రలు ఆపాలా అన్నది గట్టిగా అడగండి. చీటీలన్నీ సంచిలో వేసుకురండి, ఆయుర్వేదం మందులతో సహా.

చదవడం రానివాళ్లకైతే ట్రయల్‌తో సంబంధం లేని సాక్షి పక్కనుండాలి. మొత్తం చదివి వినిపించాకే వేలిముద్ర. నకలు ఒకటి మీకివ్వాలి. అందులోని ఎథిక్స్ కమిటీ (ట్రయల్‌లో చేరినవాళ్ల హక్కులు, భద్రత చూసే కమిటీ) నంబరు ఫోన్‌లో ఎక్కించుకోండి. సీటీఆర్‌ఐ (మన దేశంలో ట్రయల్స్‌ను నమోదు చేసే రిజిస్ట్రీ) నంబరు కూడా అడగండి, ఆ వెబ్‌సైట్లో ట్రయల్ వివరాలు ఎవరైనా చూడొచ్చు.

క్లినికల్ ట్రయల్స్‌పై కేంద్రం తెచ్చిన 2019 నిబంధనల ప్రకారం ట్రయల్ వల్ల హాని జరిగితే వైద్యం ఉచితం, పరిహారమూ ఇవ్వాలి. ఇష్టం లేకపోతే మధ్యలో మానేయొచ్చు, కారణం చెప్పక్కర్లేదు. మానే ముందు మాత్రం మాకొక ఫోన్ చేయండి, కొన్ని మందులు ఒక్కసారిగా ఆపకూడదు.