మిషిగన్ సరస్సు ఒడ్డున తష్లీఖ్ ఆచరించే విధానం
తష్లీఖ్ అంటే పాపాలను నీటిలో పడవేసినట్టు భావించి ప్రార్థించే యూదుల ఆచారం. వారి నూతన సంవత్సరమైన రోష్ హషానా తొలిరోజు మధ్యాహ్నం, షికాగోలో మిషిగన్ సరస్సు ఒడ్డుకు వెళ్లండి. ఆ రోజు శనివారమైతే మరునాడు వెళ్లడం చాలామంది ఆచారం. శరత్కాలపు గాలి చల్లగా ఉంటుంది, శాలువా మరవకండి. పాపాలను సముద్రగర్భంలో పడవేయడం గురించి చెప్పే, బైబిలులోని మీకా గ్రంథం 7వ అధ్యాయపు 18–20 వచనాలను నీటికి ఎదురుగా నిలబడి నెమ్మదిగా చదివి, జేబులు దులపండి. రొట్టె ముక్కలు విసరడం నేను మానుకున్నాను. బాతులకు అది మంచి ఆహారం కాదు, పైగా పండుగనాడు అలా మేత వేయడాన్ని కొందరు ధర్మవేత్తలు ఆక్షేపించారు.

అసలు కష్టమైన పని ఇంటికి వచ్చాకే మొదలవుతుంది. తోటి మనిషికి చేసిన అపరాధం, అతణ్ణి శాంతింపజేసే వరకు, పాప పరిహార దినమైన యోమ్ కిప్పూర్ వల్ల కూడా తొలగదని యూదుల ప్రాచీన ధర్మశాస్త్ర సంకలనమైన మిష్నా చెబుతుంది కనుక, ఆలోపే అతణ్ణి స్వయంగా కలిసి, సాకులు చెప్పకుండా క్షమాపణ కోరండి. నిరాకరిస్తే మూడుసార్ల వరకు ప్రయత్నించాలన్నది నియమం.