పిల్లల ధ్యాస ఎక్కడ జారిపోతోందో ఇంట్లోనే ఎలా గమనించాలి?

"మావాడు ఒక్క నిమిషం కుదురుగా కూర్చోడండీ, ఏడీహెచ్‌డీ ఏమో" అని అడిగేవాళ్లు చాలామందే. ఏడీహెచ్‌డీ అంటే వయసుకి తగినట్టు ధ్యాస నిలపలేకపోవడం, కుదురుగా ఉండలేకపోవడం అనే సమస్య. గొడవ చేయకుండా కిటికీలోంచి చూస్తూ కూర్చునే అమ్మాయి గురించి మాత్రం ఎవరూ అడగరు. ధ్యాస నిలవకపోవడమే ఎక్కువగా ఉండేది, అతిచురుకూ తొందరపాటూ ఎక్కువగా ఉండేది, ఈ రెండూ కలిసినది అని ఏడీహెచ్‌డీలో మూడు రకాలున్నాయి. డాక్టర్ దగ్గరికి వెళ్లేముందు రెండు వారాలు ఇలా చేయండి.

1. ఒక నోట్‌బుక్ పెట్టుకోండి. "అల్లరి", "బద్ధకం" అని కాదు, జరిగింది జరిగినట్టు రాయండి. "సాయంత్రం 6:30, లెక్కల హోంవర్క్. రెండో లెక్క దగ్గర పెన్సిల్ చెక్కడానికి లేచింది. పది నిమిషాలకి వెళ్లి చూస్తే ఆ పొట్టుతో పువ్వు చేస్తోంది." ఇలా.

2. ధ్యాస ఎలా జారిందో చూడండి, అసలు సంగతి ఇక్కడే ఉంది. మొదటి రకం పిల్లలు లెక్క వచ్చి కూడా ప్లస్‌ని మైనస్‌గా చదువుతారు, టిఫిన్ బాక్సు బడిలో వదిలేసి వస్తారు, మూడు పనులు ఒకేసారి చెబితే ఒకటి చేసి మిగతావి మర్చిపోతారు. రెండో రకంవాళ్లు ప్రశ్న పూర్తి కాకుండానే జవాబు చెప్పేస్తారు, ఆటలో తమ వంతు వచ్చేదాకా ఆగలేరు. "టీవీ గంటసేపు కదలకుండా చూస్తాడుగా!" అంటుంది నానమ్మ. నచ్చినదానికి అతుక్కుపోవడం ఈ పిల్లల్లోనూ ఉంటుంది, విసుగొచ్చే పని దగ్గరే చిక్కు.

3. టీచర్‌ని కూడా అడగండి. ఇంట్లో మాత్రమే కనిపిస్తే సరిపోదు. ఏడీహెచ్‌డీ అనాలంటే, మొదటి రెండు రకాల్లో ఒక్కోదానికి ఉన్న 9 లక్షణాల్లో కనీసం 6 (కలిసిన రకానికైతే రెండింట్లోనూ), ఆరు నెలలుగా, రెండు చోట్లయినా కనిపించాలి, కొన్నయినా 12 ఏళ్లలోపే మొదలై ఉండాలి.

4. కళ్లు, చెవులు పరీక్ష చేయించండి, నిద్ర ఎన్ని గంటలో లెక్కపెట్టండి. బోర్డు కనపడని పిల్లాడికీ ధ్యాస ఉండదు మరి.

5. నోట్‌బుక్ పట్టుకుని పిల్లల డాక్టర్ దగ్గరికో, పిల్లల సైకియాట్రిస్ట్ దగ్గరికో వెళ్లండి. దీన్ని తేల్చే రక్తపరీక్ష గానీ స్కాన్ గానీ లేదు, మీరు, టీచర్ చెప్పేదే ముఖ్యం. ఎక్కడికెళ్లాలో తెలియకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చేయండి, ఉచితమే. రకం పేరు విని టెన్షన్ పడకండి, వయసుతో అది మారొచ్చు కూడా. ఏడేళ్లప్పుడు గెంతులేసేవాడు పదమూడేళ్లకి కదలకుండా కూర్చున్నా ధ్యాస ఎక్కడో ఉండొచ్చు, కాబట్టి ఆ నోట్‌బుక్ పారేయకండి.