ప్రయోగాత్మక సినిమాను ఏ ఫెస్టివల్ విభాగానికి పంపాలి?

కథ వరుసలో నడవని సినిమా, డాక్యుమెంటరీకీ కల్పనకీ నడుమ గీత చెరిపేసే సినిమా చేతిలో ఉన్నప్పుడు ముందు చూసుకోవలసింది ఫెస్టివల్ పేరు కాదు, విభాగం. ఫ్రాన్స్‌లోని కాన్ ఫెస్టివల్‌లో కొత్త తరహా సినిమాల విభాగమైన ‘అన్ సెర్టెన్ రిగార్డ్’ అధికారిక ఎంపికలో భాగం. సినిమా పంపితే ప్రధాన పోటీకా, దీనికా అన్నది ఎంపిక బృందమే తేలుస్తుంది. అదే ఊళ్లో, అవే రోజుల్లో జరిగే ‘డైరెక్టర్స్ ఫోర్ట్‌నైట్’ నిర్వాహకులు వేరు, దరఖాస్తూ వేరు. ఒకచోట పంపితే రెండోచోటా చూస్తారనుకుంటే గడువు దాటిపోతుంది.

పాత జాబితాలను నమ్మకండి. బెర్లిన్‌లో కొత్త తరహా సినిమా కోసం 2020లో పెట్టిన ‘ఎన్‌కౌంటర్స్’ 2024తో ఆగిపోయింది. 2025లో వచ్చిన ‘పర్‌స్పెక్టివ్స్’ తొలి కథా చిత్రాలకే. రెండో సినిమా అయితే 1971 నుంచి నడుస్తున్న ‘ఫోరమ్’ వైపు చూడండి. గ్యాలరీలో ఆడే తరహా పనికి ‘ఫోరమ్ ఎక్స్‌పాండెడ్’ ఉంది.

ఇది మీకు ఎన్నో సినిమా అన్నది లెక్క చూసుకోండి. స్విట్జర్లాండ్‌లోని లొకార్నో ఫెస్టివల్‌లో ‘చినెయాస్తి దెల్ ప్రెజెంతే’ విభాగం మొదటి, రెండో ఫీచర్లకు (పూర్తి నిడివి సినిమాలకు). ఎప్పుడో తీసిన గంటన్నర డాక్యుమెంటరీ కూడా ఈ లెక్కలోకి రావచ్చు కాబట్టి నిబంధనల్లో ‘ఫీచర్’ అంటే ఏమిటో చదవాలి. నిడివి దగ్గరా ఇదే గొడవ: లఘుచిత్రాలకు కాన్‌లో హద్దు 15 నిమిషాలు, బెర్లిన్‌లో 30. నలభై నిమిషాల సినిమా ఈ రెండు హద్దుల్లోనూ పట్టదు. ఎడిటింగ్ టేబుల్ మీద ఉండగానే ఇది తేల్చుకోవడం నయం.

ప్రీమియర్, అంటే సినిమా తొలి ప్రదర్శన, ఒక్కసారే ఖర్చు పెట్టగలిగిన సొమ్ము. నెదర్లాండ్స్‌లోని రాటర్‌డామ్ ఫెస్టివల్ టైగర్ పోటీ (బహుమతి 40,000 యూరోలు, పైన 10,000 చొప్పున రెండు జ్యూరీ బహుమతులు) మీ గురి అయితే, అంతకు ముందు చిన్న ఫెస్టివల్‌లో వేయకండి, యూట్యూబ్‌లో అసలే పెట్టకండి. ఎంపిక బృందానికి పాస్‌వర్డ్ ఉన్న లింకు చాలు, కానీ ఫలితం వచ్చేదాకా ఆ పాస్‌వర్డ్ మార్చకూడదు.

చాలామంది మరిచిపోయేది ఇంకొకటి. మొదటి రెండు నిమిషాలు నల్ల తెర, మధ్యలో శబ్దం ఆగిపోవడం, కావాలనే సబ్‌టైటిల్స్ లేకపోవడం లాంటివి ఉంటే దరఖాస్తులో ఒక్క వాక్యం రాయండి. లేకపోతే ఫైలు పాడైందనుకుని పక్కన పెడతారు. డైరెక్టర్ నోట్‌లో తత్వం తగ్గించి, సినిమా ఎలా కట్టారో చెప్పండి.

ఎంపికయ్యాక డీసీపీ (థియేటర్ ప్రొజెక్టర్‌లో ఆడించే డిజిటల్ ఫైళ్ల కట్ట). 4:3 (పాత టీవీ తెర ఆకారం) బొమ్మను సాగదీయకుండా 1998×1080 ఫ్రేములో 1440×1080గా ఉంచి, రెండు పక్కలా 279 పిక్సెళ్ల నలుపు వదలాలి. సెకనుకు 25 ఫ్రేముల్లో తీసినదాన్ని 24కి నెమ్మదింపజేస్తే నిడివి సుమారు 4 శాతం పెరుగుతుంది, సరిచేయకపోతే గొంతులు కింది శ్రుతిలో వినిపిస్తాయి. 25లోనే ఉంచితే డీసీపీ రెండు రకాల్లో పాతదైన ఇంటరాప్ కాకుండా కొత్తదైన ఎస్ఎంపీటీఈ చేయించి, ఆ థియేటర్‌లో ఆడుతుందో లేదో ముందే అడగండి.